బొట్టురాయి తల ఎత్తలేదు

నాలో ఒక మంచి గుణం ఉంది, దాచుకోవడం ఎందుకు. ఎవరూ అడగకపోయినా వాన ఎప్పుడొస్తుందో చెబుతాను. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని, అరుగు మీద నిలబడి, ఆకాశం వంక ఒక్కసారి చూసి "ఎల్లుండి సాయంత్రం" అంటాను. దారిన పోయేవాళ్ళు ఆగి వింటారు. వాన రాకపోతే ఆ మాట మళ్ళీ ఎత్తను. చేసిన ఉపకారం చెప్పుకోకూడదు కదా. మా ఆవిడ దీన్ని గొప్పలకు పోవడం అంటుంది. ఆమె చదువుకున్న మనిషి, అట్లాగే అంటుంది. నాకు బడి ఐదో తరగతి దగ్గర ఆగింది. మిగతా చదువంతా పకోడీ పొట్లాల మీద చదివాను. అందువల్ల నాకు చాలా విషయాలు తెలుసు గానీ ఏదీ చివరిదాకా తెలియదు. కాగితం చిరిగిన చోట నా విజ్ఞానం ఆగిపోతుంది.

ఈ కథ మాత్రం చివరిదాకా తెలుసు. చెప్పేటప్పుడు కొంచెం భయం కూడా వేస్తుంది.

కొండల మధ్య ఒక అడవి. ఇప్ప, టేకు, తునికి, వెదురు. అడవి నడుమ వాగు, వాగులో ఒక మడుగు, మడుగులో నెత్తిన తెల్లటి మచ్చ ఉన్న గుండ్రటి రాయి. జంతువులు దాన్ని బొట్టురాయి అనేవి.

ఆ రాయిని బట్టి ఆ అడవికి ఒక కట్టుబాటు ఉంది. వానాకాలంలో రాయి మునుగుతుంది. చలి పోయి ఎండ ముదిరేకొద్దీ నీళ్ళు తగ్గి, ఏదో ఒక రోజు దాని తల బయటపడుతుంది. తల కనబడిన నాడు జంతువులన్నీ తగాదాలు పక్కన పెట్టి గీత పనికి దిగాలి. గీత అంటే, పడమటి గుట్ట వెంబడి వాగు దాకా, ఎద్దుబండి పట్టేంత వెడల్పున, ఒక్క ఎండుటాకు లేకుండా నేలను శుభ్రం చేయడం. పంది ముట్టెతో దున్నుతుంది. కౌజుపిట్టలు కాళ్ళతో గీరతాయి. దుప్పులు గడ్డి మేస్తాయి. ఎలుగు ఎండుకొమ్మలు ఈడ్చి అవతల పారేస్తుంది. పది రోజుల పని. ఆ తర్వాత అగ్గి వచ్చినా గీత దాకా వచ్చి, తినడానికేమీ లేక అక్కడే చచ్చిపోతుంది.

రాయి కనబడక ముందు మాత్రం ఎవరూ కాలు కదపరు. ఆకు పూర్తిగా రాలకముందే ఊడిస్తే మళ్ళీ రాలుతుంది, మళ్ళీ ఊడవాలి. తాతలు తెలివైనవాళ్ళు. వాళ్ళ కాలానికి.

ఆ ఏడు మాఘమాసంలో ఒక అడవికోడి గీతకి ఇవతల, బండరాయి పక్కన పొదలో ఏడు గుడ్లు పెట్టి పొదగడానికి కూర్చుంది. ఇరవై ఒక్క రోజుల కాపలా. కిందటేడు దాని గుడ్లు ఉడుము తిన్నది. అంతకు ముందేడు పాము తిన్నది. ఈసారి ఎట్లాగైనా పిల్లలతో నడవాలని దాని పంతం.

మూడో రోజు పొద్దున అది ఇప్పచెట్టు కింద పడుకున్న ఎలుగు దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"తాతా, గీత పని మొదలుపెట్టించు."

ఎలుగు ఆ అడవికి పెద్ద. మోకాళ్ళ నొప్పులూ, ఇప్పపువ్వు మీద మోజూ తప్ప పెద్దరికానికి కావలసినవేవీ దాని దగ్గర లేవు.

"ఇప్పుడా? మాఘంలోనా? గుడ్లు పెట్టి మతి పోగొట్టుకున్నావా తల్లీ?"

"మతి బాగానే ఉంది తాతా. నిన్న మేతకి పోయి, ఎప్పుడూ ఉండనంత సేపు బయటే ఉండిపోయాను. భయపడుతూ వచ్చి చూస్తే గుడ్లు చల్లబడలేదు. నేను లేకుండానే వెచ్చగా ఉన్నాయి."

పక్కనే చెట్టు మొదలుకి వీపు రుద్దుకుంటున్న అడవిపంది నవ్వింది. "ఎండే పొదిగి పెడుతుంటే నీకేం నొప్పి? నాలుగు రోజులు పుట్టింటికి పోయి రా."

"బావా, తెల్లవారుజామున ఆకు మీద అడుగేస్తే చప్పుడు కాకూడదు. మంచుకి తడిసి మెత్తగా ఉండాలి. ఇవ్వాళ అప్పడంలా విరిగింది. నా అడుగు చప్పుడికి నేనే ఉలిక్కిపడ్డాను."

"ఆకు ఇంకా చెట్ల మీదే ఉంటుందమ్మా ఇప్పుడు. ఊడిస్తే మళ్ళీ ఊడవాలి. నా ముట్టె ఏమన్నా చీపురుకట్టా?"

"చెట్ల మీద ఉందా? తల ఎత్తి చూడు."

పంది తల ఎత్తింది. ఎలుగు కూడా ఎత్తింది. టేకు కొమ్మలన్నీ బోసిగా ఉన్నాయి. ఆకు ఎప్పుడు రాలిందో ఎవరూ గమనించలేదు. ఎలుగు లేవబోయింది.

అప్పుడు పుట్ట వెనక నుంచి నక్క వచ్చింది, తోక మీది దుమ్ము దులుపుకుంటూ.

"తాతా, ఒక్కమాట అడగనా? రాయి కనబడిందా?"

"లేదు."

"మరి లేస్తావేం? తాతముత్తాతలు పెట్టిన రాయి పెద్దదా, మొన్న గుడ్లు పెట్టిన కోడి పెద్దదా?"

ఎలుగు మళ్ళీ కూర్చుంది. కూర్చోమన్నవాళ్ళ మాట దానికి ఎప్పుడూ నచ్చుతుంది.

నక్కకి కోడి మీద పగేమీ లేదు. దాని ఆశ వేరు. చిన్నప్పుడు ఒక ఏడు గీత పని ఆలస్యమై అగ్గి ఇవతలికి వచ్చింది. ఎలుకలూ కుందేళ్ళూ ప్రాణభయంతో రెండు బండల మధ్య సందులోంచి బయటికి పరుగెత్తాయి. నక్క ఆ సందు మొదట్లో కూర్చుంది. ఒక్కొక్కటీ తనంతట తనే నోట్లోకి వచ్చింది. ఆ రుచి ఇన్నేళ్ళయినా నాలుక మీద నుంచి పోలేదు. నక్కకి తెలిసిన అగ్గి మోకాలెత్తు అగ్గి. నడుచుకుంటూ వస్తుంది, పొద్దుగూకితే మంచు పడి నిద్రపోతుంది. "కొంచెం అగ్గి చాలు. ఒక్కపూట అగ్గి. ఎవరికీ నష్టం లేదు, నేను తినేవాళ్ళకి తప్ప" అనుకుంది.

మధ్యాహ్నం అందరూ నీడకి చేరాక మడుగులో దిగి, మునిగి, బొట్టురాయి కింద ఇసుక తవ్వింది. రాయి గుంటలోకి జారింది. పైన ఇసుక కప్పేసింది. ఆ గుంట అడుగున బురదలో కూరుకుపోయి ఒక ముసలి తాబేలు నిద్రపోతోందని నక్కకి తెలియదు. రాయి పోయి తాబేలు వీపు మీద కూర్చుంది.

రోజులు గడిచాయి. పన్నెండో రోజుకి మడుగు ఎలుగు మోకాలి దాకా దిగింది. పదహారో రోజుకి మడమ తడవడం కష్టమైంది. కోడి మళ్ళీ వచ్చింది. ఎలుగు మడుగు నడుమ నిలబడి ఉంది. గట్టు మీద నక్క.

"తాతా, ఇంకా ఎన్నాళ్ళు చూస్తావు?"

"రాయి కనబడాలి కదా తల్లీ."

"నువ్వే చూసి చెప్పు తాతా," అంది నక్క. "రాయి కనబడుతోందా?"

"లేదు."

"అంటే మునిగి ఉన్నట్టే కదా. మునిగి ఉందంటే నీళ్ళున్నట్టే కదా."

"ఉన్నాయి, ఉన్నాయి," అంది ఎలుగు, బురదలోంచి కాలు బలంగా లాక్కుంటూ.

"నీళ్ళుంటే ఆ కాలికి బురద ఎందుకంటింది తాతా?" అంది కోడి.

నక్క నిట్టూర్చింది. "పొదిగే కోడికి ఒళ్ళు వేడి అమ్మాయ్. లోకమంతా దానికి వేడిగానే కనబడుతుంది."

గట్టు మీద ఉన్న జంతువులన్నీ నవ్వాయి. నేను అక్కడ ఉంటే నేనూ నవ్వేవాణ్ణి. నక్క మాటలో పట్టు ఉంది మరి.

పంతొమ్మిదో రోజు సాయంత్రం కోడి గుడ్ల మీద కూర్చుని ఉండగా కింద ఏదో కదిలింది. చెవి ఆనించింది. టిక్ మంది. లోపలి నుంచి ఎవరో ముక్కుతో తట్టినట్టు. ఇంకో గుడ్డులోంచి టిక్ మంది. ఇంకా రెండు రోజులు. కోడి ఆనందంగా తల ఎత్తింది. తల ఎత్తేసరికి పొగ వాసన వచ్చింది.

పడమటి గుట్ట వెనక ఆకాశం బూడిద రంగులో ఉంది. ఎవరు అంటించారో, ఎట్లా అంటుకుందో జంతువులకి అక్కర్లేదు. అగ్గి ఏటా ఎక్కడో ఒకచోట పుట్టేదే. ఇదివరకు పుట్టిన చోట దానికి తిండి దొరికేది కాదు.

అందరూ మడుగు దగ్గర చేరారు. ఎలుగు గొంతు సవరించుకుంది. "కంగారు పడకండి. చీకటి పడితే మంచు పడుతుంది. మంచు పడితే అగ్గి పడుకుంటుంది. తెల్లారగానే గీత పని మొదలు."

ఆ మాట పూర్తవుతుండగా మడుగు నడుమ ఎండిన బురద పెళ్ళున పగిలింది. ముందు ఒక ముక్కు, తర్వాత ఒక మెడ, చివరికి తాబేలు పూర్తిగా బయటికి వచ్చింది. పక్కకి తవ్వుకుంటూ రావడానికి దానికి ఇన్నాళ్ళు పట్టింది.

"ఎవడ్రా నా వీపు మీద రాయి పెట్టింది?"

అది వచ్చిన గుంటలో బొట్టురాయి తెల్లగా కనబడింది. ఎలుగు రాయి వంక చూసింది. తన కాళ్ళ వంక చూసుకుంది. తర్వాత, అందరితోపాటు, నక్క వంక చూసింది.

"తాబేలన్నకి ఇంకా నిద్రమత్తు దిగలేదు," అంది నక్క వెనక్కి జరుగుతూ.

"మత్తు దిగింది. ఇసుక కదిలితే మెలకువ వచ్చి, తవ్వుతున్న నాలుగు గోళ్ళ కాలు చూశాను. కుచ్చుతోక చూశాను."

పంది కోరలు వంచి దూకబోయింది. కోడి అడ్డం వచ్చింది. "దాన్ని తర్వాత పొడుద్దువు బావా. ముందు దున్ను."

"పది రోజుల పని ఒక్కపూటలోనా?"

"గీత వద్దు. నా పొద చుట్టూ దున్ను చాలు. గుడ్లు తట్టుతున్నాయి బావా. నేను వాటిని ఎత్తుకుని పరుగెత్తలేను."

"తెల్లారాక చేద్దాం అంటున్నాడు కదా తాత. మంచు..."

కోడి ఒక ఎండుటాకు మీద కాలు పెట్టి నొక్కింది. ఆ చప్పుడు అందరికీ వినబడింది. పొద్దుగూకినా గాలి చల్లబడలేదని అప్పుడు పందికి ఒంటికి తెలిసింది.

"సరే పద. నీ నస వినడం కంటే దున్నడమే తేలిక," అంది పంది. తాబేలు లేచిన గుంటలో మిగిలిన తడి బురదలో ఒకసారి పొర్లి, కోడి వెనక నడిచింది. తాబేలు కూడా, తన వేగంతో, బయలుదేరింది.

పొద చుట్టూ ఒక చుట్టు దున్నింది పంది. "ఇంకొకటి" అంది కోడి. దున్నింది. "ఇంకొకటి." తిట్టుకుంటూ దున్నింది. రాయి తగిలి ముట్టె చీరుకుపోయింది. కోడి ఆకులన్నీ కాళ్ళతో గీరి అవతలికి తోసింది.

తూర్పు తెల్లారక ముందే పడమర తెల్లారింది.

మంచు పడలేదు. అగ్గి పడుకోలేదు. ఆ వేళకి ఆకు తడిగా ఉంటుందనీ, మంట నడవలేదనీ అందరికీ తెలిసిన సంగతి ఒక్క అగ్గికి మాత్రం తెలియలేదు. గుట్ట మీది గడ్డిలోంచి అది పరుగెత్తుకుంటూ దిగింది. వెదురు కణుపులు తుపాకుల్లా పేలాయి. ముందు దుప్పులు వెళ్ళాయి. వెనక అడవిపిల్లి, దాని పక్కనే దాన్ని పట్టించుకోకుండా కుందేళ్ళు. ఎలుగు మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి వాగు ఇసుక వెంట పరుగెడుతూ "తూర్పుకి! తూర్పుకి!" అని అరిచింది. పెద్దరికం ఆ ఒక్క కేకలో కనబడింది, ఆలస్యంగా.

నక్క తన సందులో కూర్చుని ఉంది. విందు కోసం. ఒక ఎలుక వచ్చింది. నక్క నోరు తెరిచింది. ఎలుక దాని కాళ్ళ మధ్యనుంచి దూరి, ఒక్కక్షణం ఆగి, రొప్పుతూ అంది:

"మామా, నన్ను తినే తీరిక ఉందా నీకు? వెనక్కి చూడు."

చూసింది. మోకాలెత్తు అగ్గి కాదది. టేకు చెట్టు సగం దాకా లేచి, గాలికి వంగి, ముందున్న చెట్టుని అందుకుంటోంది. సందుకి రెండో వైపు కూడా ఎర్రగా ఉంది. నక్క మడుగు వైపు పరుగెత్తింది. ఏ మడుగులో "నీళ్ళున్నాయి" అని తాను అన్నిసార్లు చెప్పిందో ఆ మడుగులో కాలుతున్న బురద తప్ప ఏమీ లేదు. తోక చివర అంటుకుంది. ఇసుకలో రుద్దుకుంటూ, దారి తెలియక తిరుగుతూ తిరుగుతూ ఒక నల్లటి దున్నిన నేల కనబడి అక్కడికొచ్చి పడింది.

నడుమ పొద. పొదలో కోడి. పక్కన పందీ, తాబేలూ.

"అమ్మాయ్... లోపలికి రానీ..."

"పొడిచేస్తా," అంది పంది.

కోడి నక్కని చూసింది. దాని కింద గుడ్లు తట్టుతున్నాయి.

"రానీ బావా."

"నీకు నిజంగానే మతి పోయింది!"

"బయట వదిలేస్తే అరుస్తూ చస్తుంది. నా పిల్లలు మొదట వినే చప్పుడు అది కాకూడదు." నక్క వైపు తిరిగింది. "వచ్చి అటు తిరిగి కూర్చో మామా. నోరు తెరువు. బావా, నీ ఒంటి మీది బురద దీని నోటినిండా కూరు."

పంది కూరింది. కూరేటప్పుడు కొంచెం ఎక్కువే కూరింది.

అప్పుడు అగ్గి వచ్చింది. ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకు మాటలు తక్కువ. గాలి లేదు. ఉన్న గాలి మింగితే గొంతు కాలింది. బండరాయి వేడెక్కి చిటపటలాడింది. నిప్పురవ్వలు దున్నిన నేల మీద పడి, తినడానికేమీ లేక ఆరిపోయాయి. పొద మీద పడ్డవాటిని పంది ఒళ్ళు వేసి ఆర్పింది. కోడి రెక్కలు పరిచి, తల గుడ్ల మధ్య దూర్చింది. ఈకలు మాడుతున్న వాసన తనదేనని దానికి తెలుసు. గుడ్ల తట్టుడు కోసం చెవి ఒగ్గింది.

టిక్.

ఆ తర్వాత ఏమీ లేదు.

అగ్గి తూర్పుకి దాటిపోయింది. అడవిలో ఎన్నడూ లేని నిశ్శబ్దం. పిట్ట లేదు, ఆకు లేదు, గాలికి కదలడానికి ఏమీ లేదు. కోడి లేవలేదు. లేస్తే తెలిసిపోతుందని లేవలేదు. తాబేలు దాని పక్కనే కూర్చుంది.

మర్నాడు మధ్యాహ్నం ఒక గుడ్డు పగిలింది. తర్వాత మూడు. మిగతా మూడు పగల్లేదు.

నాలుగు పిల్లలు గోధుమరంగు చారల బొచ్చుతో బయటికి వచ్చాయి. నక్క వాటిని చూసి గుటక వేయబోయింది. వేయలేకపోయింది. నోట్లో బురద కుండపెంకులా కాలి పళ్ళకి పట్టుకుపోయింది. ఆ అడవిలో అందరికంటే బాగా మాట్లాడే జంతువు రెండు రోజులు నోరు తెరవలేక, కోడిపిల్లల పక్కన ఆకలితో కూర్చుని, చివరికి మొండితోకతో లేచి వెళ్ళిపోయింది.

మూడో రోజు మిగిలిన జంతువులు బూడిదలో సమావేశమయ్యాయి. ఎలుగు వీపున బొచ్చు లేదు.

"రాయిని మళ్ళీ దాని చోట పెడదాం," అంది ఎలుగు. "నక్కని అడవి దాటిద్దాం. వచ్చే ఏటికి అంతా సరిపోతుంది."

"సరిపోదు," అంది తాబేలు. "నేను మడుగులో పుట్టినవాణ్ణి. నీటి గుర్తులు నాకు తెలుసు. రాయి తన చోటే ఉంటే అగ్గికి నాలుగు రోజుల ముందు తల ఎత్తేది. గీత పని పది రోజులు. పూర్వం రాయి కనబడ్డాక నెల రోజులు నీళ్ళుండేవి. ఈసారి నాలుగు రోజుల్లో బురద కూడా ఎండింది."

దూరంగా మాడిన చెట్టు చాటు నుంచి నక్క గొంతు వచ్చింది. పెంకు ఊడినట్టుంది. "విన్నారా? నేను మోసం చేశాననుకోండి. మరి మీ తాతలూ మోసం చేశారా?"

పంది లేచేసరికి ఆ గొంతు మాయమైంది. కానీ ప్రశ్న ఉండిపోయింది. ఎలుగు తల వంచుకుంది.

"తాతలు మోసం చేయలేదు," అంది కోడి. "వాళ్ళ వానలకి, వాళ్ళ మంచుకి ఆ రాయి పెట్టారు. ఆ వానలు పోయాయి. రాయి ఉండిపోయింది."

"మరి ఇప్పుడు దేన్ని చూడాలి తల్లీ?" ఈసారి ఎలుగు నిజంగా అడిగింది.

"రోజూ పొద్దున ఆకు మీద కాలు పెడతాను. చప్పుడైతే కేకేస్తాను. వెంటనే దిగాలి."

"మాఘంలో అయితే?"

"మాఘంలోనే వేస్తాను."

"పుష్యంలో అయితే?"

కోడి పిల్లల వంక చూసింది. నాలుగు పిల్లలూ బూడిదలో అటూ ఇటూ నడుస్తున్నాయి. వాటి అడుగుల కింద చప్పుడు కావడానికి ఆ అడవిలో ఒక్క ఆకు మిగల్లేదు.

నీతి ఏమిటంటే, పాత గుర్తు కనబడేదాకా కూర్చుంటే కొత్త ప్రమాదం కూర్చోదు.

ఇక నా సంగతి. మా పెరట్లో గడ్డివామి ఉంది. దాని చుట్టూ ఎండుటాకు ఊడ్చే రోజు మా నాయన పెట్టిపోయాడు: శివరాత్రి మర్నాడు. ఈ కథ రాసిన పొద్దున పెరట్లోకి వెళ్తే కాలి కింద ఆకు విరిగింది. శివరాత్రికి ఇంకా పదకొండు రోజులున్నాయి. మా ఆవిడ చీపురు తెచ్చి చేతికిచ్చింది. నేను ఆకాశం వంక చూసి "ఎల్లుండి సాయంత్రం వాన" అన్నాను. చీపురు గోడకి ఆనించాను. ఇంత కథ తెలిసీ, చప్పుడు విన్న రోజే ఊడవడం నేను ఇంకా నేర్చుకోలేదు.